ఓబులమ్మ మందు

వెనకటికి బసవ నాయకుడనే దొర ఉండేవాడు. పల్లకి మోస్తూ కుంటిన బోయీకి పాదం నరికించేవాడు. ఇద్దరికి అలాగే పాదాలు పోయాయి. మడమలు పగిలి నెత్తురోడుతున్న మరో ఆరుగురు చెరలో తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు.

అంతలో దొర మడమలే పగిలాయి. అడుగు కింద పెట్టలేకపోయాడు. వైద్యుడు కత్తి తీసేసరికి భయపడి, చెప్పులు కుట్టే ఓబులమ్మను పిలిపించాడు.

"కోయకుండానే నయం చేస్తాను దొరా. కానీ నా మందు ముందుగా మీ కాలికి పెట్టే ధైర్యం లేదు. చెరలో ఉన్నవాళ్ళదీ ఇదే బాధ. వాళ్ళకి పెట్టి చూస్తాను," అందామె.

దొర సరేనన్నాడు. నడవలేనివాళ్ళు ఎక్కడికి పోతారని కాపలా కూడా పెట్టలేదు.

ఓబులమ్మ వాళ్ళను తన పాకకు తెచ్చుకుంది. రోజూ గోరువెచ్చని నీళ్ళలో పాదాలు నానబెట్టి, ఆముదం రాసి, మెత్తటి గుడ్డ చుట్టింది. పదిహేను రోజులు మంచం దిగనివ్వలేదు. ఆపైన తను కుట్టిన మెత్తటి చెప్పులు తొడిగింది.

మర్నాడు దొర కబురంపితే ఒక్కతే వచ్చింది.

"వాళ్ళేరీ?"

"మందు పనిచేసింది దొరా. తెల్లవారగానే కొండ దాటి పొరుగు రాజ్యానికి నడిచి వెళ్ళిపోయారు."

దొర చెయ్యి కత్తి మీదికి పోయింది. ఆ మందు తెలిసిన మనిషి కోటలో ఆమె ఒక్కతే. ఓబులమ్మ తల దించుకుని నిలబడింది.

చివరికి దొర కత్తి వదిలి, కాలు ముందుకు చాపాడు.