రాజుగారి వయసూ, మల్లన్న ముంతా

ఒకానొక రాజ్యంలో మనుషులకన్నా తాటిచెట్లు ఎక్కువ. అయినా అక్కడ కల్లు తాగేవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. తప్పు చెట్లది కాదు, చట్టానిది.

ఆ రాజ్యాన్ని ఏలే ప్రతాపగండ మహారాజుకి తన వివేకం మీద అపారమైన నమ్మకం. ఒక పుట్టినరోజు కొలువులో, కల్లు ఏ వయసు నుంచి తాగొచ్చు అన్న చర్చ లేచింది. కత్తి పట్టగలిగినవాడు ముంత పట్టకూడదా, పదహారేళ్ళు చాలు అన్నాడు సేనాపతి. నలభై దాటితే గానీ మనిషికి కుదురు రాదన్నాడు మంత్రి. రాజుగారు ఇద్దరినీ చేత్తో ఆపి మీసం దువ్వారు.

"మాకున్నంత వివేకం ఉన్నవాడే కల్లుని అదుపులో పెట్టగలడు. కాబట్టి మాకన్నా చిన్నవాడెవడూ కల్లు ముట్టరాదు. ముడితే ఏడాది ఖైదు."

సభంతా ఆహా అంది. ఇంటికెళ్ళి ఆలోచించాక గానీ జనానికి అందులో తిరకాసు అర్థం కాలేదు. ఏడాది గడిస్తే మనకో ఏడు పెరుగుతుంది, నిజమే. రాజుగారికీ పెరుగుతుంది. వారికన్నా ఒక్క నెల చిన్నవాడైనా సరే, వారు చల్లగా ఉన్నన్నాళ్ళూ చిన్నవాడే. పాపం, రాజుగారి ఆయుష్షు కోసం గుళ్ళో మొక్కుకునేటప్పుడు కొందరి గొంతు పూర్తిగా పెగిలేది కాదు.

తాగకపోతే పోనీ అని సరిపెట్టుకోవడానికీ లేదు. ఆ దేశంలో పెళ్ళి సంబంధం ఖాయం కావాలంటే వియ్యంకులిద్దరూ ఒకే ముంతలో కల్లు తాగాలి. ముందు పెద్దవాడు, తర్వాత చిన్నవాడు, ఆ తర్వాత వయసు వరసన తక్కిన చుట్టాలు. ముంత తిరగని సంబంధం మాటవరసకి అనుకున్నదే, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కొన్నాళ్ళు జనం ఒక ఉపాయం చేశారు. రాజుగారికన్నా పెద్దవాడైన ఓ తాతని పిలుచుకొచ్చి అందరి తరఫునా తాగించారు. మూడో సంబంధం దగ్గరికొచ్చేసరికి ఆ తాత ఎవరి పిల్లని ఎవరికిస్తున్నాడో మరిచిపోయి, తానే వరుణ్ణని కూర్చున్నాడు. దాంతో ఆ ఉపాయమూ పోయింది.

అలాంటి రోజుల్లో కుమ్మరి మల్లన్న కొడుక్కి ఒక మంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి ఓదెలు పొరుగు దేశం వాడు. అతనికి ఈ చట్టం తలా తోకా తెలియదు, ఆచారం మాత్రం బాగా తెలుసు. "ముంత తిరక్కుండా పిల్లనెట్ల ఇస్త బావా? నా బిడ్డ గతిలేక రాలే" అన్నాడు.

పిల్లా పిల్లవాడూ అప్పటికే ఒకరినొకరు చూసుకుని మురిసిపోతున్నారు. మల్లన్న గుండె దిటవు చేసుకుని, తాను పెద్ద గనక ముందుగా ముంత ఎత్తాడు. ఒక గుటక దిగిందో లేదో భటులొచ్చి రెక్కలు పట్టుకున్నారు. ఓదెలు మూతి తుడుచుకుందామంటే అసలు తడవనే లేదు. "పొద్దుగూకేదాక చూస్త. నువ్వు రాకుంటే నా బిడ్డకు ఇంకో ఇల్లు చూసుకుంట" అని అరుగు మీద కూలబడ్డాడు.

ఇక్కడ రాజుగారి గురించి ఇంకో ముక్క చెప్పాలి. వారికి వివేకం మీద ఎంత మోజో, యవ్వనం మీదా అంతే మోజు. జుట్టుకి వారం వారం నల్లరంగు పడేది. ఆస్థాన కవి దివాకరరాయడు రోజూ పొద్దున్నే "ఇరవై ఐదేళ్ళ నవయువకా" అని ఎత్తుకుని పద్యం చదివితే గానీ సింహాసనం ఎక్కేవారు కాదు. అసలు వయసెంతో కొలువులో అందరికీ తెలుసు. పైకి అనే మొనగాడే లేడు.

ఆ పూటా పద్యం అయ్యింది, వారు ఆసీనులయ్యారు. కొత్వాలు మల్లన్నని తీసుకొచ్చి నిలబెట్టాడు. మల్లన్న కళ్ళనీళ్ళ పర్యంతమై ఉన్నాడు. అది చూసి సింగన్న లేచాడు. సింగన్నంటే రాజుగారిని నవ్వించడానికి జీతం పుచ్చుకునేవాడు. నిజం చెప్పాలంటే ఆ కొలువులో జీతానికి తగ్గ పని చేసేవాడు అతనొక్కడే.

"కొత్వాలుగారూ, ఇతని నేరమేమిటి?"

"ప్రభువులకన్నా చిన్నవాడై ఉండి కల్లు తాగాడు."

"ఇతని వయసెంత?"

"నలభై ఐదు."

"ప్రభువుల వయసెంత?"

కొత్వాలు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. మంత్రి వైపు చూశాడు. మంత్రికి అప్పుడే దగ్గొచ్చింది. సేనాపతి తన చెప్పుల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటున్నాడు.

"నేరం రుజువు కావాలంటే రెండు వయసులూ తెలియాలి కదండీ" అన్నాడు సింగన్న వినయంగా. "పోనీ, కవిగారు పొద్దున్నే చదివారు. వారే సెలవివ్వాలి."

దివాకరరాయడు తక్కువవాడు కాదు. గొంతు సవరించుకుని, "ప్రభువులకు రూపంలో ఇరవై ఐదు, వివేకంలో నూరేళ్ళు" అన్నాడు.

"బాగుంది. మరి చట్టం చూసేది ఏ వయసుని?"

"వివేకాన్నే."

"అయితే నూరేళ్ళు నిండనివాడెవడూ కల్లు ముట్టరాదన్నమాట. తమకి అరవై రెండు కదా? నిన్న సాయంత్రం కల్లుపాకలో నా పక్కన కూర్చుని తమరు తాగింది మజ్జిగా?"

కవిగారి ముఖం పాలిపోయింది. "ఇరవై ఐదే. చట్టం చూసేది రూపాన్నే, ఇరవై ఐదే" అన్నాడు గబగబా.

"విన్నారు కదా ప్రభూ. మల్లన్న తమకన్నా ఇరవయ్యేళ్ళు పెద్ద. ఇతన్ని ఖైదులో పెడితే చట్టం తమదే, తప్పూ తమదే అవుతుంది."

రాజుగారు మల్లన్నని చూశారు, సింగన్నని చూశారు. అసలు వయసు చెబితే పొద్దున పద్యం పోతుంది. చెప్పకపోతే ముద్దాయి పోతాడు. ఎటూ కదలనీయని ఇరుకులో కాసేపు కూర్చుని, చివరికి పద్యాన్నే దక్కించుకున్నారు.

"మా చట్టం మారదు. మా వయసే హద్దు. మాకు ఇరవై ఐదు. ఎప్పటికీ ఇరవై ఐదే. కుమ్మరిని వదిలిపెట్టండి."

దివాకరరాయడు పోయిన పరువు రాబట్టుకోవాలని లేచాడు. "నిజానికి ప్రభువులు పదహారేళ్ళ బాలుడిలా..."

"కవిగారూ, కూర్చోండి" అన్నాడు సింగన్న. "మీ పొగడ్త ఇంకో మెట్టు దిగితే పలకా బలపం పట్టినవాళ్ళు కల్లుపాకలో కూర్చుంటారు. ఇరవై ఐదు దగ్గర ఆగితే అందరికీ క్షేమం."

మల్లన్న రాజుగారి కాళ్ళమీద పడ్డాడు. "దొరా, తమరొచ్చి ముంత ముట్టుకుంటే నా కోడలు అదృష్టవంతురాలైతది" అన్నాడు. రాజుగారు ఉబ్బిపోయి సింగన్నతో సహా బయలుదేరారు. ఇంకా పొద్దు కుంకలేదు. అరుగు మీద ఓదెలు కదలకుండా అలాగే ఉన్నాడు.

కొత్త ముంత దింపారు. అప్పుడే చెట్టు దిగిన కల్లు, తెల్లటి నురగ, తియ్యటి వాసన. రాజుగారు చెయ్యి చాచారు.

మల్లన్న నమస్కారం పెట్టాడు. "తప్పుగా అనుకోవద్దు దొరా. మాకు పెద్దంతరం చిన్నంతరం ఉంది. పెద్దలు తాగినంక తమ వంతు."

మల్లన్న తాగాడు, ఓదెలు తాగాడు. సంబంధం ఖాయమైందని ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ముంత మేనమామకి వెళ్ళింది, పెదనాన్నకి వెళ్ళింది, ముప్పై ఏళ్ళ అల్లుడికి వెళ్ళింది. ఒక్కొక్క గుటకకీ నురగ కిందికి దిగుతోంది. రాజుగారి చూపు ముంత వెంబడే తిరుగుతోంది. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడొకడు దాన్ని అందుకుని పైకెత్తబోయాడు.

"ఒరే ఆగు. మాకు యాభై ఏడు" అన్నారు రాజుగారు.

మల్లన్న కుర్రాడి చేతిలోంచి ముంత తీసుకుని, రెండు చేతులతో రాజుగారికి అందిస్తూ, "ఈ మాట ముందే చెబితే మొదటి గుటక తమదే కదా దొరా" అన్నాడు.

మొదట నవ్వింది రాజుగారే. పొట్ట పట్టుకుని, నల్లరంగు చెమటతో చెంపలమీదికి జారేదాకా నవ్వారు. ముంతలో మిగిలింది ఆఖరి చుక్కదాకా తాగి, మెడలోని ముత్యాలహారం తీసి సింగన్న మెడలో వేశారు.

"హద్దు ఇరవై ఐదు దగ్గరే ఉండనీ సింగన్నా. మమ్మల్ని మాత్రం అక్కణ్ణించి వదిలిపెట్టు."

"వదిలేశాను ప్రభూ" అన్నాడు సింగన్న, ఇంకో ముంత దింపమని చేత్తో సైగ చేస్తూ. ఈసారి అది అందరికన్నా ముందు రాజుగారి దగ్గరికే వచ్చింది.