ఆగినమెట్టలో బ్రున్నరు ఇంటివారి బావి

రండి పిల్లలూ, దగ్గరికి జరగండి. బండ కాలుతుంటే అట్టలు వేసుకుని కూర్చోండి. యాత్రకు వచ్చిన పెద్దవాళ్లకు నీడ వైపు చోటివ్వండి. ఆ మూలనున్న ఖాళీ పీట మీద మాత్రం ఎవరూ కూర్చోకండి. అది ఎవరిదో కథలో వస్తుంది.

నల్లమల అంచున, రైలు కట్టకు కోసు దూరంలో ఉన్న ఈ ఊరి పేరు ఆగినమెట్ట. ఊళ్లో రెండు వందల పైచిలుకు గడప ఉంటే, నూట ఎనభై గడపల వారి ఇంటిపేరు బ్రున్నరు. బ్రున్నరు ఓబులేసు, బ్రున్నరు మస్తానయ్య, బ్రున్నరు ఏసుదాసు, బ్రున్నరు లక్ష్మీదేవి. బడిలో ఇంటిపేరు పెట్టి పిలిస్తే తరగతి తరగతంతా లేచి నిలబడుతుంది. ఇక్కడి మంటపంలో విగ్రహం లేదు. చుట్టగా చుట్టిన పాత మోకు, లావుపాటి తాడు, ఒకటి ఉంది. దానికి కొందరు పసుపు కుంకుమ పెడతారు, కొందరు కొవ్వొత్తి వెలిగిస్తారు, కొందరు ఊదుకడ్డీ గుచ్చుతారు. పక్కనే బావి. బావి ఒర మీది రాతిలో ‘ఈ బావి బ్రున్నరు ఇంటివారిది’ అని చెక్కి ఉంది.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ముళ్లకంప, నల్లరాయి, అంతే. పడమటి సీమలో మూడేళ్లు వరుసగా వానలు ముఖం చాటేయగా, ఏడు ఊళ్ల జనం ఎవరి మూట వారు నెత్తిన పెట్టుకుని, రైలు కట్ట పని ఉందని విని ఇటు నడిచి వచ్చారు. వారిలో ఓబులమ్మ ఒకతె. భర్త దారిలోనే పోయాడు. ఇద్దరు కూతుళ్లు మిగిలారు. కట్ట పూర్తయింది, పని అయిపోయింది. వెనక్కి పోతే తిండి లేదు, ఇక్కడ ఉందామంటే నీళ్లు లేవు. రెండు కోసులు పోయి వాగులో చెలమ తోడుకోవాలి. అందుచేత ఎవరూ గుడిసె గట్టిగా కట్టుకోలేదు, మూట విప్పలేదు. ఓబులమ్మ ముడి సందులో చెయ్యి దూర్చి గిన్నె తీసేది, వండేది, కడిగి మళ్లీ లోపలికి తోసేది. తెల్లవారితే ఆమె కూతుళ్లు మొదట అడిగే మాట ఒకటే.

“అమ్మా, ఈ పొద్దు పోతాండామా?”

చిన్న కూతురు కాళ్లు పొంగి ఉన్నాయి. ఇంకో నడక ఆ పిల్ల నడవలేదని ఓబులమ్మకు తెలుసు. కుండ ఎత్తుకుని చెలమకు పోయేది.

వంతెనల పునాదులు తవ్వించడానికి వచ్చిన జర్మనీ దేశపు మేస్త్రి ఒకాయన కూడా పని అయ్యాక వెళ్లిపోలేదు. ఆయన పేరు యోహాన్ బ్రున్నరు. ఒకచోట కూర్చోగా ఆయనను చూసినవారు లేరు. గడ్డపార పుచ్చుకుని, తల వంచుకుని, పగలంతా ఈ మెట్ట మీద తిరిగేవాడు. తపస్సని కొందరన్నారు, పిచ్చని కొందరన్నారు.

“కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావే దొరా! కూచుంటే భూమి కుంగుతాదా?” అని ఓబులమ్మ ఒకనాడు నవ్వింది.

“నువ్వు మూట విప్పినావా, ఓబులమ్మా?” అన్నాడాయన, కట్ట మీద నేర్చుకున్న తెలుగులో.

ఆమె నవ్వు ఆగిపోయింది.

నలభయ్యో రోజున బ్రున్నరు ఒక చెదపుట్టను తవ్వి, లోపలి మన్ను పిడికిట్లో పిసికి చూశాడు. పిడికిలి విప్పితే మన్ను ముద్దగా నిలిచింది. అక్కడే బావి అన్నాడు. ఆ నేల చెక్కకు తన పేరున పట్టా పెట్టుకున్నాడు. జనం తవ్వడం మొదలుపెట్టారు. ఐదు నిలువుల లోతుకు వెళ్లాక బండ తగిలింది. ఇక మనిషిని మోకు కట్టి దించాలి. పని అక్కడే ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో వినండి. వీరిలో తరాల నాటి కట్టు ఒకటి ఉంది. బావిలోకి దిగేవాడి మోకును అతని ఇంటివాళ్లే పట్టాలి, ఒక్క ఇంటిపేరు గలవాళ్లే. పైన చెయ్యి జారితే లోపల ప్రాణం పోతుంది గనుక, ప్రాణాన్ని పరాయి చేతిలో పెట్టవద్దన్నారు పెద్దలు. కట్టు మంచిదే. కాని ఆ లోతుకు మోకు పట్టాలంటే ఎనిమిది మంది కావాలి. కరువు తిన్నాక ఏ ఇంట్లోనూ ఎనిమిది మంది మిగల్లేదు.

ఇలా పందొమ్మిది రోజులు గడిచాయి. కొందరు అప్పుడే తూర్పుకేసి చూస్తున్నారు. ఇరవయ్యో రోజున బ్రున్నరు బూట్లు విడిచి, మోకు నడుముకు కట్టుకున్నాడు. ఏడు ఊళ్ల నుంచి ఏడుగురిని పిలిచాడు. ఎనిమిదో మనిషిగా ఓబులమ్మను పిలిచాడు.

“కట్టు తప్పితే బావి మింగుతాది దొరా,” అన్నాడు అందరికీ పెద్దవాడైన సుంకన్న. “నీ ఇంటిపేరోళ్లు ఈడ ఎవరుండారు?”

“ఎవరూ లేరు. మీరు పట్టండి. పట్టినవాళ్లే నా ఇల్లు.”

“అసలు నీ ఇంటిపేరుకు అర్థమేంది?”

“మా దేశంలో బావి దగ్గర కాపురమున్నవాళ్లను బ్రున్నర్ అన్నారు. ప్రతి ఊళ్లో బావి ఉంది గదా, ప్రతి ఊళ్లో బ్రున్నర్లు ఉన్నారు. చుట్టాలు కారు, పక్కాలు కారు. ఓడలెక్కి సముద్రాలు దాటి పోయినవాళ్లు ఎందరో. బావిని వెనక వదిలినారు, పేరు తీసుకుపోయినారు. వాళ్ల మనవళ్లు కూడా అక్కడ బ్రున్నర్లే.”

“బావి లేకుండానే బావి పేరా!” అంది ఓబులమ్మ.

“అందుకే నా కాళ్లు నిలవవు,” అని బ్రున్నరు దిగిపోయాడు.

సగం లోతులో గిలక బిగుసుకుని, ఒక్కసారిగా వదిలింది. మోకు జర్రున జారింది. ముందున్న ఓబులమ్మ రెండు చేతులా బిగించి, ఒర రాతికి కాలు తన్నిపెట్టి వెనక్కి వాలింది. అరచేతుల తోలు మోకుకు అంటుకుపోయింది. ఆమె వదల్లేదు. వెనక ఏడుగురూ వదల్లేదు. రాతి మీద ఆ ఒరపిడి చారను ఇప్పుడు కూడా వేలు పెట్టి చూడవచ్చు.

మరునాడు సుంకన్న తానే మోకు కట్టుకున్నాడు. “పట్టండి. ఇంక ఎవురి పేరూ అడగను,” అన్నాడు. తొమ్మిదో రోజున నీళ్లు పడ్డాయి. బ్రున్నరు ఒర రాతి మీద ‘ఈ బావి బ్రున్నరు ఇంటివారిది’ అని చెక్కించి, పట్టాలో కూడా తన ఒక్కడి పేరు తీయించి ‘బ్రున్నరు ఇంటివారు’ అని రాయించాడు. అయినా ఓబులమ్మ మూట విప్పలేదు. దొర పోతే బావి ఎవరిదన్నది ఆమె భయం.

రెండేళ్లు తిరిగేసరికి ఎక్కడో జర్మనీతో యుద్ధం వచ్చింది. జర్మనీ వాడు శత్రువని బంట్రోతులు వచ్చి బ్రున్నరును ఎడ్లబండి ఎక్కించి తీసుకుపోయారు. ఆయన కూర్చోగా జనం చూడడం అదే మొదలు, అదే చివర. బండి కదిలితే ఆయన ఓబులమ్మ చేతుల వైపు చూశాడు.

నెలలోపే తాసీల్దారు వచ్చాడు. శత్రువు బావి గనుక పలకలతో మూసి, చుట్టూ కంచె వేయాలని ఉత్తర్వు. పట్టా తీసి చదివాడు.

“బ్రున్నరు ఇంటివారు అని ఉంది. ఆ ఇంటి మనుషులెవరైనా ఇక్కడున్నారా?” అని మామూలుగా అడిగాడు. లేరని రాసుకోవడానికి కలం కూడా ఎత్తాడు.

ఓబులమ్మ గుడిసెలోకి పోయి మూట తెచ్చి ఒర మీద పెట్టింది.

“నేనుండాను సామీ.”

బంట్రోతు కిసుక్కున నవ్వాడు. “దొరను ఎప్పుడు పెండ్లాడినావు పెద్దమ్మా?”

“పెండ్లాడలే నాయనా. మోకు పట్టినా.” ఆమె అరచేతులు చాపింది. మచ్చలు మోకు పేటల మాదిరే మెలితిరిగి ఉన్నాయి. “మాలో మోకు పట్టేది ఇంటోళ్లే. పట్టినా గనుక ఇంటిదాన్నే.”

తాసీల్దారు నవ్వలేదు. “చూడమ్మా, ఒకసారి రాశానంటే మీ పాత ఇంటిపేరు పోతుంది. మళ్లీ మార్చడం నా చేత కాదు.”

ఓబులమ్మ తన మగని పేరు తలచుకుంది. దారిలో పాతిపెట్టి, పైన రాళ్లు పేర్చి తాను వదిలి వచ్చిన ఆ మనిషికి ఈ లోకంలో మిగిలింది ఆ ఇంటిపేరొక్కటే. చిన్న కూతురు ఆమె కొంగు పట్టుకుని, పొంగు దిగిన కాళ్ల మీద నిలబడి ఉంది.

“రాసుకో సామీ. బ్రున్నరు ఓబులమ్మ.”

సుంకన్నకు కొడుకుల్లేరు. ఏడు తరాల పేరు ఆయనతోనే ఆగుతుంది. పెదవులతో ఆ పేరు ఒకసారి పలుకుకుని, ముందుకు వచ్చాడు.

“బ్రున్నరు సుంకన్న. అది కూడా రాయి.”

ఆ తరువాత వరసే. నలభై ఒక్క గుడిసె. రాసి రాసి తాసీల్దారు నోరెండిపోయింది. ఓబులమ్మ చేద వేసి, ఆయన దోసిట్లో నీళ్లు పోసింది. తాగి, మూతి తుడుచుకుని, ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఇంటివాళ్లు ఉన్న బావిని మూయమని ఇందులో లేదు,” అని బండెక్కాడు.

ఆ సాయంత్రం ఓబులమ్మ మూట ముడి విప్పబోతే రాలేదు, అంతగా బిగుసుకుపోయింది. చివరికి పంటితో లాగి విప్పింది. అలాగని ఆమె మనసు కుదుటపడిందనుకోకండి. బతికినన్నాళ్లూ రైలు కూత వినబడితే చేతిలో పని వదిలేసి ఈ ఒర దగ్గరికి వచ్చి కట్ట వైపు చూసేది. బ్రున్నరు తిరిగి రాలేదు. ఏమయ్యాడో ఎవరికీ తెలియదు.

నేటికీ వైశాఖంలో, నీళ్లు పడిన రోజున, ఊరంతా మూటలు కట్టుకుని ఇక్కడికి వస్తారు. మొదటి చేద పైకి వచ్చేదాకా ముసలీ ముతకా కూడా కూర్చోరు, బావి చుట్టూ తిరుగుతూనే ఉంటారు. చుట్టరికం లేని ఎనిమిది మంది మోకు పడతారు. ఎవరి నీళ్లు వారు తోడుకోకూడదు, పక్కవారికి తోడాలి. కొత్త కోడలైనా, పని వెతుక్కుంటూ నిన్న వచ్చిన కూలి అయినా, మోకు పడితే బ్రున్నరే. అడిగేది లేదు. ఇలా పెరిగి పెరిగి నూట ఎనభై గడపలయ్యాయి. నిలువ నీడ లేనివారికి ఇక్కడ మోకు పడితే ఏడాదిలోగా ఇల్లు కుదురుతుందని నమ్మకం. మొదటి చేద నీళ్లు, ఎన్నడూ కూర్చోని ఆ బ్రున్నరు దొర కోసం ఉంచిన ఈ ఖాళీ పీట ముందు పెడతారు.

అదిగో, సాయంత్రం బండి కూత వేసింది. మీ అమ్మలు ఎదురు చూస్తుంటారు, లేవండి. యాత్రకు వచ్చినవారు మంటపంలోనే మూటలు విప్పుకోండి, నీళ్లు మా పిల్లలు తోడిపెడతారు. ఒరేయ్ ఏసుదాసూ, పోతూ పోతూ ఆ పీట మీది దుమ్ము దులిపిపో. ఇక పోయి వేడి వేడిగా అన్నం తినండి.