శ్రుతి కలవని తత్వం

పాములేటి పాడితే కన్నీళ్ళు పెట్టుకోని మనిషి లేడని రాయచోటి వైపు ఊళ్ళన్నీ చెప్పుకునేవి. తత్వాలు పాడేవాడు. తంబుర ఒళ్ళోకి తీసుకుంటే చాలు, జనం మాటలు ఆగిపోయేవి. పాట అయ్యాక ఆడవాళ్ళు కొంగుతో మొహం తుడుచుకుని, తేలికపడి ఇళ్ళకు పోయేవాళ్ళు. పాములేటి సారా అంగడికి పోయేవాడు.

అతని కూతురు చిట్టెమ్మ జ్వరంతో పోయిననాడు అతను పొరుగూరి తిరణాలలో పాడుతున్నాడు. కబురు తెచ్చినవాడికి పాట ఆపమనడానికి నోరు రాలేదు. ఎదురుగా నిలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు తన పాటకేననుకుని పాములేటి ఇంకో చరణం ఎత్తుకున్నాడు.

ఆ తర్వాతే తాగుడు. భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. నెత్తురు కక్కుకుంటున్నా అతను పాట మానలేదు, సారా మానలేదు.

ఒక మధ్యాహ్నం తూలుకుంటూ కొండకింది దర్గాకు వచ్చాడు. అక్కడుండే ముసలి ఫకీరు మస్తాన్ తాత అతని గురువు. చిన్నప్పుడు ఉపదేశం ఇచ్చింది ఆయనే.

"తాతా, నా పాట విని అందరి గుండె బరువూ దిగుతాంది. నాది మాత్రం దిగదు. నా పాటలో ఏం లోపముందో చెప్పు."

తాత చెయ్యి చాపాడు.

"ఆ తంబుర ఇట్టియ్యి."

వసారాలో కూర్చున్న శిష్యులు మొహమొహాలు చూసుకున్నారు. తాత పాడగా విన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆయన తంతి మీటాడు. శ్రుతి కలవలేదు. అట్లాగే, పాములేటి ఊరూరా పాడే తత్వమే అందుకున్నాడు.

"ఆడుకోను వచ్చినావు, ఆట ముగియకనే పోతివి..."

గొంతు జీరబోయింది. తాళం ఎటో పోయింది. ఎవరో నవ్వు ఆపుకున్నారు. పాములేటి ఉండబట్టలేక చెయ్యెత్తాడు.

"అక్కడ గొంతు పైకెత్తల్ల తాతా."

"నువ్వు విను."

తాత మళ్ళీ మొదటి నుంచీ పాడాడు. గాలిలో లేచిన చెయ్యి దిగడం మరిచిపోయింది. వెయ్యిసార్లు తన నోట పలికిన ఆ మాట పాములేటి చెవిన పడింది అప్పుడే.

"చిట్టెమ్మా" అన్నాడు. ఆపైన తాత మోకాలి మీద వాలిపోయి, బిడ్డ పోయిన తండ్రి ఏడ్చినట్టు ఏడ్చాడు. పొద్దు వాలేదాకా తాత పాడుతూనే ఉన్నాడు.

పాములేటి ఇక సారా ముట్టలేదు. కానీ ఒళ్ళు అప్పటికే చెడిపోయింది. చలికాలం దాకా ఆ వసారాలోనే పడుకుని ఉన్నాడు. రోజూ సాయంత్రం తాత వచ్చి తలదగ్గర కూర్చుని పాడేవాడు.

చివరి సాయంత్రం పాములేటి పెదవుల మీద చిన్న నవ్వు కనిపించింది.

"తాతా, నీకు పాడను రాదు."

"రాదు నాయనా" అన్నాడు తాత. "నీకు పాడేదానికి ఇంకెవరూ లేకపోయిరి."