అసిరమ్మ చూపిన బొరియలు

అనగనగా, సముద్రం రోజుకు రెండుసార్లు వచ్చి రెండుసార్లు వెళ్లిపోయే ఒక ఏటి మొగ దగ్గర, ఒక చిన్న బెస్తపల్లె ఉండేది.

ఆటు వేళ నీరు వెనక్కి తగ్గితే అక్కడ విశాలమైన బురదనేల బయటపడేది. దాన్ని పర్ర అనేవారు. గాలాలకు ఎరగా ఆ పర్రలోని పురుగులను తవ్వి తెచ్చే అసిరమ్మకు, పురుగు ఎక్కడుందో కాలి బొటనవేలు చెప్పేది.

వేలెడు లావు పురుగు అది. రెండు పక్కలా వరసగా గరుకు వెంట్రుకలు. వాటిని బొరియ గోడలకు ఆనించి, ఒళ్లంతా అలలా కదుపుతూ పైకీ కిందికీ పాకేది. బురద మింగి, అందులోని కుళ్లు తిని, కడిగినట్టున్న ఇసుకను తోక వైపు నుంచి చుట్టలు చుట్టలుగా బయట పోసేది. అది కదిలినప్పుడల్లా బొరియలోకి కొత్త నీరు దిగేది.

"ఇది తింటేనే పర్రకు శుభ్రం, కదిలితేనే పర్రకు ఊపిరి. మూడు బొరియలుంటే ఒకటే తవ్వవే," అని ఆమె అమ్మమ్మ చెప్పింది. అసిరమ్మ ఆ మాట ఎన్నడూ తప్పలేదు.

ఒక ఏడు వేటలో చేప పడలేదు. పొయ్యి వెలగని ఇళ్లే ఎక్కువ. అప్పుడు పట్నం నుంచి గవరయ్యశెట్టి అనే వర్తకుడు వచ్చాడు.

"నా రొయ్యల చెరువులకు ఈ పురుగులు కావాలి. పర్రంతా తవ్వండి. గంప పురుగులకు గంప బియ్యం," అన్నాడు.

అసిరమ్మ ఊరిపెద్ద అప్పలకొండ దగ్గరికి పరుగెత్తింది. "పెద్దయ్యా, అన్నీ తవ్వేస్తే పర్ర చచ్చిపోతుంది!"

"పురుగులు చస్తే చస్తాయి. పిల్లలు చావకూడదు కదమ్మా," అన్నాడాయన.

అసిరమ్మ వెనుదిరిగింది.

రెండోనాడు పర్ర మీదికి వెళ్లింది. అందరూ ఏ బొరియనూ వదలకుండా తవ్వుతున్నారు. వాళ్లలో చంటిబిడ్డను వీపున కట్టుకున్న తన కూతురు కూడా ఉంది. అసిరమ్మ నోరు విప్పలేదు.

కొన్నాళ్లకు పురుగులు దొరకడం కష్టమైంది. శెట్టి ఆమెను పిలిచాడు. "నీ కాలికి తెలుస్తుందట కదమ్మా. మిగిలినవి చూపించు."

అసిరమ్మ ముందు నడిచింది. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని చూపించింది. ఆ పూట కూతురింట్లో అన్నం ఉడికింది. ఆమె కూడా కడుపునిండా తిన్నది.

వానలు పడేలోపే పర్ర మీద ఇసుక చుట్టలు కనబడటం మానేశాయి. కుళ్లు తినే పురుగులు లేక బురద నల్లబడి కంపు కొట్టింది. గుల్లలు నోళ్లు తెరిచి చచ్చాయి. ఉల్లంకి పిట్టలు వాలి, ముక్కులు గుచ్చి చూసి, ఎగిరిపోయాయి. బొంత చేపలు మొగలోకి రాలేదు. శెట్టీ రాలేదు.

అసిరమ్మ రెండు రోజులు నడిచి పక్క మొగకు వెళ్లింది. తడి ఇసుక నింపిన కుండలో పురుగులను తెచ్చి పర్రలో వదిలింది. తెల్లవారేసరికి అన్నీ పైకొచ్చి చచ్చిపడ్డాయి. మళ్లీ వెళ్లి తెచ్చింది. మళ్లీ చచ్చాయి. మూడోసారి ఆమెకు ఒక్క పురుగే దొరికింది.

పర్రలో వదలగానే అది వెంట్రుకలు ఆనించుకుంటూ సగం దాకా లోపలికి దిగింది. ఒక్క గుటక బురద మింగింది. మెల్లగా వెనక్కి వచ్చి, ఆమె పాదం పక్కన కదలకుండా పడుకుంది.

అప్పటికి పల్లెవాళ్లు సామాన్లు పడవల్లోకి ఎక్కిస్తున్నారు. అప్పలకొండ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"నువ్వు ముందే చెప్పావమ్మా. మేమే వినలేదు."

"ఒక్కసారే చెప్పాను పెద్దయ్యా," అంది అసిరమ్మ. "రెండోసారి ఊరుకున్నాను. మూడోసారి నేనే చూపించాను."

ఆయన పడవల వైపు నడిచాడు. ఆ సాయంత్రానికి పల్లెలో ఒక్క మనిషీ మిగలలేదు.

నిజం తెలిసినవారు ఒక్కసారి చెప్పి ఊరుకుంటే, ఆ నిజం ఎవరినీ కాపాడదు.