డాక్టరుగారు శుభ్రం చేసిన బీడు

మద్దిలేటి సారుకి ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పే అలవాటు లేదు. కాలేజీలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం బోధించి, చెప్పాల్సిందంతా అక్కడే చెప్పేసినట్టున్నాడు. రిటైరయ్యాక కర్నూలు పక్కనున్న గడ్డిబీడులో కెమెరా పట్టుకుని బోర్లా పడుకుని, పురుగులకీ గడ్డిపూలకీ ముఖంలో ముఖం పెట్టి ఫొటోలు తీసుకునేవాడు. ఎవరేమడిగినా, "ముందు కూచోబ్బా" అనేవాడు. అంతే, ఇక నోరు విప్పితే ఒట్టు.

ఫొటోల్లో ఆయన శిష్యుడు చెన్నకేశవులు, పళ్ళ డాక్టరు. హస్తవాసి మంచిది, నోరే ఊరుకోదు. రెండేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా వచ్చి ఆ బీడుని అన్ని కాలాల్లోనూ ఫొటోలు తీశాడు. తొలకరికి ఎర్రగా, మెత్తగా పాకే ఆరుద్ర పురుగులు, భాద్రపదంలో గడ్డిపూలు, కార్తీకంలో మంచుబొట్లు మోసే సాలెగూళ్ళు, ఇట్లా పదకొండు ఫొటోలు టౌనుహాల్లో గోడకెక్కాయి. పన్నెండోది గడ్డి గొల్లభామ. గడ్డిపరకంత సన్నగా, జానెడు పొడుగుండే ఆ పురుగు కోసం కాళ్ళరిగేలా తిరిగినా ఒక్కసారీ కనబడలేదు. మహానుభావుడు, అది దొరక్కముందే ఆహ్వానపత్రికలో దాని పేరు అచ్చేయించాడు! ప్రదర్శన రేపు. "ఆ ఖాళీ ఫ్రేములో మిమ్మల్నే నిలబెడతా" అంది భార్య. పాపం, ఆవిడ నవ్వుతూ అనలేదు.

మాఘమాసం. గడ్డంతా ఎండి చిక్కులు పడి ఉంది. పొద్దున్నే వచ్చిన డాక్టరు, బోర్లా పడుకున్న సారుని అడిగాడు.

"సార్, ఫొటోకి అడ్డమొచ్చేది ఏదో, ఉండాల్సింది ఏదో ఎట్లా తెలుస్తుంది?"

సారు చుట్టూ చూసి, ఒక గడ్డిదుబ్బు చూపించాడు. "ముందు కూచోబ్బా."

డాక్టరు కూర్చున్నాడు. పన్ను ముట్టుకోకముందు ఒక ఫొటో, పని అయ్యాక ఒక ఫొటో తీయడం ఆయనకి ఆసుపత్రిలో అలవాటు. అదే అలవాటున దుబ్బుకి కూడా ముందొకటి తీసిపెట్టుకున్నాడు. గంట గడిచింది. గొల్లభామ కాదు కదా, చీమ కూడా రాలేదు. ఇంత చెత్తలో అది వచ్చినా ఏం కనబడుతుందని విసుగొచ్చి, జేబులోంచి పటకారు తీశాడు. ఇక చూడాలి ఆయన నైపుణ్యం! వంగిన పుల్ల ఒకటి, విరిగిన పుల్ల ఒకటి పీకుతూ, "ఏం కాదు, అయిపోయింది, అయిపోయింది" అని గడ్డికి ధైర్యం చెబుతున్నాడు. నడుమనున్న పుల్ల ఒకటి మాత్రం లాగితే రాలేదు, పక్క పరకని పట్టుకుని వేలాడింది. "మొండిది" అని మెల్లగా ఊపి, ఊడదీసి, భుజం మీదుగా వెనక్కి పారేశాడు.

సారు చిన్నగా దగ్గాడు.

"దుమ్మా సార్?" అన్నాడు డాక్టరు.

పని ముగించి రెండో ఫొటో తీశాడు. మురిసిపోతూ రెండింటినీ పోల్చి చూసుకున్నాడు. మొదటి ఫొటోని పెద్దది చేసి చూశాడు. నడుమనున్న మొండి పుల్లకి కాళ్ళున్నాయి. కొసన రెండు కళ్ళు కూడా ఉన్నాయి. ముందున్న కంకి మీద గురి పెట్టి తీయడంతో ఒళ్ళంతా పొగలా మసకబారింది గానీ, కళ్ళు మాత్రం సూటిగా ఇటే చూస్తున్నాయి. గోడకెక్కించడానికి ఆ ఫొటో పనికిరాదు. చేసిన ఘనకార్యం తెలియడానికి మాత్రం సరిపోతుంది.

"అయ్యో, అయ్యో!" అంటూ డాక్టరు వెనక్కి పరిగెత్తి మోకాళ్ళ మీద పడి వెతికాడు. పుల్లలన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఒక్కదానికీ కళ్ళు లేవు.

"ఎటు పోయింది సార్?"

సారు చెయ్యి చాచి మొత్తం బీడుని చూపించాడు.

"అంటే మీరు చూశారా?"

"చూశా."

"మరి చెబితే నోటి ముత్యాలు రాలతాయా?" డాక్టరుకి ఏడుపొక్కటే తక్కువ.

"గంటసేపు అది నిన్నే చూస్తుండె. మీ ఇద్దరి మధ్యలో నేనెందుకులే అనుకున్నా."

డాక్టరు అక్కడే కూలబడ్డాడు. రేపు జనం వస్తారు, ఆహ్వానపత్రికలో పేరుంది, గోడ మీద ఖాళీ ఉంది. పటకారు ఇంకా చేతిలోనే ఉంది. నీరసంగా అడిగాడు. "రేపు ఏం పెట్టమంటారు సార్?"

సారు కెమెరా అందుకుని రెండో ఫొటోని చూశాడు. అప్పుడే గడ్డం గీయించుకున్న పెళ్ళికొడుకులా నున్నగా ఉంది దుబ్బు.

"ఇదే పెట్టు. కింద దాని పేరు రాయి."

"ఇందులో అది లేదు కదా సార్!"

"లేదు" అన్నాడు సారు, మోచేతుల మట్టి దులుపుకుంటూ. "వచ్చినవాళ్ళలో ఎవరైనా వంగి దానికోసం వెతికితే, ఆ మనిషిని నా దగ్గరికి పంపు."