కంగారూ పిల్ల పైపొర

కోదండపాణి మాస్టారిని ఏం అడిగినా తిన్నగా జవాబు చెప్పరు. ఏదో ఒకటి ముందు పెట్టి చూడమంటారు. పశువైద్య కళాశాలలో ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న నీలవేణికి ఈ సంగతి తెలియనిది కాదు. అయినా ఆ ఉదయం అడగకుండా ఉండలేకపోయింది.

"ఒక మనిషి తన్ను తాను మోసం చేసుకుంటుంటే, తెలిసి తెలిసి తలూపడం తప్పు కాదా సార్?"

ఆ మనిషి ఎవరో మాస్టారికి చెప్పనక్కర్లేదు. ప్రయోగశాలలో గాజు పలకలకు రంగులద్దే అప్పలస్వామి. దసరాకి ముందు అతని భార్య పైడమ్మ జ్వరంతో పోయింది. దినాలు కాగానే పనిలోకి వచ్చి, మధ్యాహ్నం క్యారేజీ విప్పి, ఎప్పటిలాగే "మా పైడమ్మ ఏటి కట్టిందో సూద్దాం రండి" అన్నాడు. నెలలు గడిచినా ఆ మాట మానలేదు. వంట ఎవరిదో మాడిన వంకాయలే చెబుతున్నాయి. కుర్రకారు చాటుగా నవ్వుకోవడం కూడా అయిపోయింది. నిన్న ఒకడు మొహం మీదే అడిగేశాడు, పైనుంచి క్యారేజీ ఏ బస్సుకి వస్తోంది బాబాయ్ అని. అప్పలస్వామి విననట్టు మెతుకులు కెలుక్కుంటూ కూర్చున్నాడు. ఇంకొకరు ఇంకా మొరటుగా అనేలోపు తానే మెత్తగా నిజం చెప్పేద్దామని నీలవేణి నిశ్చయం. ఇవాళ భోజనాల వేళకే. మంచి మనసుతోనే అనుకుంది, అందులో సందేహం లేదు.

మాస్టారు ఆమెను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి ఒక పలక పెట్టారు. జూలో పుట్టగానే చనిపోయిన కంగారూ పిల్లది. చిక్కుడు గింజంత ఉండే ఆ పిల్లను మైనంలో బిగించి, పలచగా కోసింది నీలవేణే. చర్మమంటే రెండు మూడు వరుసల కణాలు, అంతే. పైన అక్కడక్కడ చిరుగులు. తరవాత మాస్టారు తాను కోసింది పెట్టారు. అదీ పుట్టగానే పోయిన పిల్లే. కానీ దాని చర్మం మీద ఉల్లిపొరలాంటిది ఒకటి, ఎక్కడా తెగకుండా పరుచుకుని ఉంది.

"నా దానికి ఇది లేదేం సార్?"

కోసేముందు ఏం చేశావని ఆయన అడిగారు. నీలవేణి పాడి ఉన్న ఇంటి పిల్ల. ఈనిన దూడను గడ్డితో తుడవడం, దాని గిట్టల కొసన ఉండే మెత్తని గుల్లను గిల్లి పారేయడం చిన్నప్పటి నుంచి చేతికి అలవాటు. కంగారూ పిల్ల ఒంటి మీద మసకగా ఏదో కనిపిస్తే, మురికనుకుని కుంచెతో శుభ్రంగా తుడిచేసింది. ఆ మాటే చెప్పి తల దించుకుంది. మాస్టారు కోప్పడకుండా మూడో పలక పెట్టారు.

అది తల్లి సంచిలో కొన్ని వారాలు పెరిగిన పిల్లది. చర్మం వరుస మీద వరుసగా దిట్టంగా ఏర్పడి ఉంది. ఆ ఉల్లిపొర మాత్రం ముక్కముక్కలై వేలాడుతోంది.

"దీన్నెవరు తుడిచారు?"

"ఎవరూ తుడవలేదమ్మా. కింద చర్మం తయారయ్యేదాకా కాపు కాసింది. ఇప్పుడు దానంతటదే రాలుతోంది."

నీలవేణి తన పలకను మళ్లీ పెట్టి, ఆ చిరుగులు చూసుకుంది.

మధ్యాహ్నం అప్పలస్వామి క్యారేజీ విప్పి ఆ మాటే అన్నాడు. నిన్నటి కుర్రాడు పెదవి విప్పబోతుంటే నీలవేణి వాడికన్నా ముందే పళ్లెం చాచి, పైడమ్మగారి కూర నాకూ కొంచెం వెయ్యమంది. అతను సంబరంగా వేశాడు. తానూ ఒక ముద్ద తిని, కాసేపు నమిలి, ఎవరితోనూ కాకుండా అన్నాడు.

"ఉప్పెక్కువైపోనాది. అదుంటే ఇలా సెయ్యదు."

కుర్రాడు మంచినీళ్ల చెంబు అతని వైపు జరిపాడు.

సాయంత్రం పలకలు సర్దుతూ నీలవేణి, ఆ పొర పూర్తిగా రాలడానికి ఎన్నాళ్లు పడుతుందని మాస్టారిని అడిగింది.

"అది చర్మం చూసుకుంటుందమ్మా," అన్నారాయన.