తేటవాగు చెప్పని మాట

అనగా అనగా, ఎప్పటి మాటో గానీ, మేఘగిరి రాజ్యం నడుమ నీలాంబరి అనే సరస్సు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆ నీళ్ళే తాగేవి. జాలరులు అందులోని చేపలతోనే బతికేవారు.

కొండల మీంచి మూడు వాగులు దిగివచ్చి ఆ సరస్సును నింపేవి. కుమ్మరుల పేటను ఒరుసుకుంటూ ఎర్రవాగు వచ్చేది. పశువులు మేసే బీళ్ళ మీదుగా మందవాగు వచ్చేది. మల్లెతోటల, నారింజతోటల పక్కనుంచి తేటవాగు వచ్చేది. దాని అడుగున గులకరాళ్ళు కూడా మిలమిల మెరుస్తూ కనిపించేవి.

ఒక ఏడు వేసవిలో సరస్సు పచ్చబడింది. నీటిమీద నాచు చాపలా పరుచుకుంది. చేపలు వెల్లకిలా తేలాయి. పడవలు ఒడ్డునే ఉండిపోయాయి.

రాజు సుచంద్రుడు సభ తీర్చాడు. మంత్రి భద్రగుప్తుడు లేచి అన్నాడు:

"ప్రభూ, ఇందులో ఆలోచించవలసిందేముంది? ఎర్రవాగు రంగు చూడండి! కుమ్మరులు మట్టి తవ్వి తవ్వి నీళ్ళు పాడుచేశారు. వారి పేటను కొండ అవతలికి పంపెయ్యండి."

కుమ్మరుల పెద్ద ఓబులమ్మ చేతులు జోడించింది. "మహారాజా, మా తాతల నాటినుంచీ ఆ మట్టే తవ్వుతున్నాం. సరస్సు ఇప్పుడే ఎందుకు పచ్చబడింది?"

రాజుకు ఆ మాట గుచ్చుకుంది. రాజ్యంలో నీటి బాగోగులు చూసే అధికారిణి వకుళ. ఆమెను పిలిచి, "పున్నమి నాటికి నిజం తేల్చు. అంతవరకు ఎవరినీ కదిలించను" అన్నాడు.

వకుళ మూడు వాగుల నీళ్ళూ తెప్పించింది. రంగు చూసింది. వాసన చూసింది. నాలుకమీద వేసుకుని రుచి చూసింది. ఎర్రవాగు ఎర్రగా ఉంది, అంతే. వేరే తేడా ఏమీ తెలియలేదు.

ఆమె సరస్సు గట్టున కూర్చుని ఆ నాచునే చూస్తూ ఉండిపోయింది. 'నాచు కూడా మొక్కే కదా. తిండి లేనిదే మొక్క ఇంతలా పెరగదు. దీనికి తిండి ఎవరు పెడుతున్నారు?'

వెంటనే ఇంటికి వెళ్ళి మూడు పింగాణీ గిన్నెలు తీసింది. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క వాగు నీళ్ళు పోసింది. మూడింటిలోనూ చిటికెడు నాచు వేసి ఎండలో పెట్టింది.

కొద్ది రోజులకు ఎర్రవాగు గిన్నెలో మట్టి అడుక్కి దిగింది. నాచు వేసినంతే ఉంది. మందవాగు గిన్నెలో కాస్త పెరిగింది. తేటవాగు గిన్నెలో మాత్రం అంచుదాకా పొంగింది!

ఆ వాగు పక్కన ఉన్న తోటలు వకుళ అన్న హరిదత్తుడివి.

పొరపాటేమోనని మళ్ళీ గిన్నెలు పెట్టింది. అదే జరిగింది. ఈసారి తానే తేటవాగు వెంట నడిచి తోటలకు పైన కొన్ని నీళ్ళు, తోటలకు కింద కొన్ని నీళ్ళు ముంచుకొచ్చి చూసింది. పై నీటిలో నాచు పెరగలేదు. కింది నీటిలో ఎప్పటిలాగే పొంగింది.

తోటలో చెట్ల మొదళ్ళ చుట్టూ తెల్లగా ఉప్పులాంటి పొడి కుప్పలుగా ఉంది.

"అన్నయ్యా, ఏమిటిది?" అని అక్కడే ఉన్న హరిదత్తుణ్ణి అడిగింది.

"సురేకారమమ్మా, చెట్లకు ఎరువు! ఎంత వేస్తే అంత పూత అని వర్తకుడు చెప్పాడు. నిరుటినుంచి గంపలకొద్దీ వేస్తున్నాను."

"చెట్టు తనకు కావలసినంతే తీసుకుంటుంది. మిగిలింది నీళ్ళలో కరిగి, నేలలోకి ఇంకి, వాగులో కలుస్తోంది. కరిగాక కంటికి కనిపించదు. సరస్సులో నాచుకు అదే విందు."

హరిదత్తుడు చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. "సభలో చెప్పకమ్మా. నా తోట పోతుంది. కుమ్మరుల మీద ఎలాగూ అనుమానం ఉండనే ఉందిగా!"

వకుళకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నప్పుడు ఆమెను భుజాలమీద మోసిన అన్న అతడు.

"మరి ఆ కుమ్మరుల పిల్లలు ఎక్కడికి పోవాలన్నయ్యా?" అంది.

ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయింది.

పున్నమి నాడు వకుళ సభలో జరిగినదంతా చెప్పింది. తోట ఎవరిదో కూడా చెప్పింది. భద్రగుప్తుడు నవ్వి, "అద్దంలాంటి నీళ్ళలో దోషమా? ఎవరు నమ్ముతారు?" అన్నాడు.

"నన్ను నమ్మనక్కర లేదు. మీరే గిన్నెలు పెట్టి చూడండి" అంది వకుళ.

ఆమె మాట పూర్తి కాకముందే సభాద్వారం దగ్గర అలికిడి అయింది. హరిదత్తుడు తలపాగా చేతబట్టుకుని లోపలికి వచ్చాడు.

"గిన్నెలు అక్కరలేదు ప్రభూ. సురేకారం వేసింది నేనే. తెలియక వేశాను. తెలిశాక దాచమన్నాను. అదే పెద్ద తప్పు."

రాజు అన్నాడు:

"తోట నీకే ఉంటుంది. కానీ చెట్టుకు ఎంత అవసరమో అంతే వెయ్యి. వాగు గట్టు వెంట జమ్ముగడ్డి నాటు. జారిన ఎరువును దాని వేళ్ళు పీల్చుకుంటాయి. ముందుగా వెళ్ళి కుమ్మరులను క్షమాపణ అడుగు."

హరిదత్తుడు అప్పుడే కుమ్మరుల పేటకు వెళ్ళాడు. తలపాగా తీసి గుమ్మంలో నిలబడ్డాడు. ఓబులమ్మ అతణ్ణి చూసి పీట వాల్చింది. "ఎండన పడి వచ్చావు నాయనా. ముందు ఇంత అన్నం తిను. ఆ మాట తర్వాత చెబుదువుగాని" అంది.

మొదటి ఏడు సరస్సు అంతగా మారలేదు. జనం గొణిగారు. "నేలలో దాగిన ఎరువు కడిగిపోవాలి. ఓపిక పట్టండి" అంది వకుళ. నెలనెలా అందరి ఎదుట గిన్నెలు పెట్టి చూపిస్తూనే ఉంది. రెండో ఏడు నాచు చాప చిరిగి ముక్కలైంది. మూడో ఏడు నీలాంబరి మళ్ళీ నీలంగా మెరిసింది. చేపలు ఎగిరెగిరి పడ్డాయి. జాలరులు పడవలకు పూలదండలు కట్టి నీటిలోకి దించారు. ఆ పూలు హరిదత్తుడి తోటవే. పూత ఏమీ తగ్గలేదు, గంపలు మోసే శ్రమే తగ్గింది!

పిల్లలూ, పైరంగు చూసి ఎవరిమీదా నింద వెయ్యకూడదు. పరీక్షించి తెలుసుకున్న నిజం మనవాళ్ళ గుమ్మానికే వచ్చినా దాన్ని దాచకూడదు.